వాయిదాగుండం జోకు బాగుంది, కానీ వాతావరణ బులెటిన్ కూడా పూర్తిగా చదవండి

మన విశాఖలో వాన జోకులకు కొదవ లేదు. ఆకాశం కాస్త మసకబారితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో మాటల గారడీ మొదలైపోతుంది. అది వాయుగుండం కాదట, వాయిదాగుండమట. అల్పపీడనం అంటే వాన అల్పం, పీడన మనదట. మోస్తరు వర్షం అంటే మోసం తరువాత కురిసే వర్షమట. ద్రోణి ఏర్పడిందని చెప్పిన రోజు ఎండ మండిపోతే, "ద్రోణుడు ఏకలవ్యుడి వేలు పట్టుకుపోయినట్టు మన మబ్బు పట్టుకుపోయాడు" అని ఎవరో రాశారు. అది చదివి గట్టిగా నవ్వాను, తెలిసినవాళ్లందరికీ పంపాను. శ్లేష అంటే తెలుగువాళ్లకి ప్రాణం. అల్పపీడనం, ఆవర్తనం, ద్రోణి, వాయుగుండం అని దత్తపది ఇచ్చి శివుడి మీద పద్యం చెప్పమంటే అవధాని చెప్పేస్తాడు. అంత ముతక సరుకులోంచి ఇంత హాస్యం పిండుతున్నవాళ్లని మెచ్చుకోవాల్సిందే.

నా బాధ ఆ జోకుల కింద పాతుకుపోయిన నమ్మకం గురించి. 'వాతావరణ శాఖ వాళ్లు చెప్పింది ఏనాడూ జరగదు' అన్నది పచ్చి అబద్ధం. వైజాగ్‌లో ఉంటూ ఆ మాట అనడం మరీ అన్యాయం. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మాది గోపాలపట్నంలో టెంట్‌హౌస్. ఆకాశం వైపు చూడకుండా మాకు రోజు గడవదు. మా పనిలో వాన కంటే గాలి ప్రమాదం. వాన పడితే టార్పాలిన్ మధ్యలో నీళ్లు నిలిచి బరువుకి కిందికి దిగుతుంది. మా కుర్రాడు కర్రతో కింద నుంచి పొడిచి నీళ్లని పక్కకి ఒంపుతాడు. వంటశాల వైపు, మండపం వైపు పడకుండా చూసుకుంటే గండం గట్టెక్కినట్టే. గాలి అలా వదలదు. పక్క పరదాల్లోంచి ఒక్కసారి లోపలికి దూరిందంటే పైకప్పు గుడ్డ ఉబ్బి ఇనప పైపులతో సహా లేచిపోతుంది. కింద పిల్లలుంటారు, ముసలివాళ్లుంటారు. అందుకే బులెటిన్ రాగానే నా కళ్లు ముందు వెతికేది 'గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు' అన్న లైను. అది కనిపిస్తే పక్క పరదాలు తీయిస్తాను, తాళ్లు రెట్టింపు కట్టిస్తాను. డెకరేషన్ పాడైందని పెళ్లివారు ముఖం ముడుచుకుంటారు. ముడుచుకోనివ్వండి.

ఇలా రోజూ చదవబట్టే నాకు ఒక సంగతి తెలిసింది. బులెటిన్‌లో ప్రతి మాటకీ లెక్క ఉంది. 'ఒకటి రెండు చోట్ల వర్షాలు' అంటే ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా పడుతుందని. 'కొన్ని చోట్ల' అంటే నాలుగో వంతు నుంచి సగం దాకా. అంటే 'ఒకటి రెండు చోట్ల' అన్న రోజు నాలుగు ఊళ్లలో మూడు ఊళ్లు ఎండగా ఉన్నా వాళ్లు చెప్పింది నిజమైనట్టే. మధురవాడలో కుండపోత పోస్తుంటే గాజువాకలో దుమ్ము లేవడం ఈ ఊళ్లో మనందరికీ అనుభవమే. ఒక పక్క సముద్రం, ఇటు సింహాచలం కొండ, అటు యారాడ కొండ. మబ్బు ఏ సందులో కురుస్తుందో, ఏ సందు దాటిపోతుందో ముందురోజు పొద్దున చెప్పడం ఎవరి తరమూ కాదు. గాజువాక మనిషి మాత్రం చొక్కా తడవలేదు కాబట్టి బులెటిన్ తప్పంటాడు.

ఇంకో విషయం చాలామంది మర్చిపోయారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టేదాకా 'విశాఖ జిల్లా' అంటే బీచ్ రోడ్డు నుంచి పాడేరు, చింతపల్లి, అరకు దాకా, 11 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. విశాఖ జిల్లాలో భారీ వర్షం అని చెబితే అది లంబసింగిలో పడినా నిజమే. ఆర్కే బీచ్‌లో గొడుగు పట్టుకుని నిలబడినవాడికి అది అబద్ధంలా కనిపించింది. మనకి ఈ జోకుల అలవాటు ఆ రోజుల్లోనే బాగా ముదిరిందని నా అనుమానం.

వాన పరిమాణం సంగతీ అంతే. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే 'భారీ' అంటారు. 115.6 నుంచి 'అతి భారీ', 204.4 దాటితే 'అత్యంత భారీ'. మనం ఎగతాళి చేసే ఆ 'మోస్తరు' ఉందే, అది 15.6 నుంచి 64.4 దాకా. ఆ పై అంచున ఉన్న వాన రెండు గంటల్లో పడిందంటే జ్ఞానాపురం లాంటి పల్లపు చోట్ల బండి సగం మునుగుతుంది. మోస్తరే కదా అని తీసిపారేస్తే నష్టపోయేది మనమే.

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండే చోటికి వస్తాను. వాల్తేరులోని తుపాను హెచ్చరిక కేంద్రం నుంచి బయల్దేరిన బులెటిన్ మన ఫోన్లోకి వచ్చేసరికి దాని రూపమే మారిపోతుంది. ముందు 'ఒకటి రెండు చోట్ల' రాలిపోతుంది. తర్వాత 'అవకాశం ఉంది' రాలిపోతుంది. వాటి స్థానంలో ముంచెత్తనున్న, దంచికొట్టనున్న, దూసుకొస్తున్న వగైరాలు చేరతాయి. థంబ్‌నెయిల్ మీద కొబ్బరిచెట్లు విరుగుతుంటాయి. ఆ చెట్లు ఏ దేశానివో ఎవరికీ తెలియదు.

మొన్నీమధ్య బీచ్ వైపు ఒక పెళ్లి ఒప్పుకున్నాం. ముందురోజు ఒక ఛానల్ స్క్రోలింగ్ చూసి పెళ్లికూతురి నాన్నగారు టెన్షన్ పడిపోయి ఫోన్ చేశారు. "బాబూ, రేపు కుంభవృష్టంట, హాలుకి మార్చేస్తున్నాం" అన్నారు. "బాబాయ్, బులెటిన్‌లో ఒకటి రెండు చోట్ల జల్లులనే ఉంది, గాలి హెచ్చరిక కూడా లేదు" అని చదివి వినిపించాను. వినలేదు. ఆడపిల్ల పెళ్లి, ఆయన భయం ఆయనది. రాత్రికి రాత్రి రెట్టింపు అద్దె పెట్టి హాలు తీసుకున్నారు. మర్నాడు చినుకు పడలేదు. అప్పుడు ఆయన నోటికొచ్చినట్టు తిట్టింది వాతావరణ శాఖని. ఛానల్‌ని ఒక్క మాట అనలేదు. నాకు పోయిన బేరం కంటే ఆ తిట్టే ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే అది చెందాల్సినవాళ్లకి చెందలేదు.

'మరి జవాద్ తుపాను సంగతేంటి?' అంటారు. అడగాల్సిందే. 2021 డిసెంబరు మొదటి వారంలో ఉత్తరాంధ్ర తీరానికి తుపాను హెచ్చరికలిచ్చారు. బడులు మూశారు, రైళ్లు చాలా రద్దు చేశారు. ఆ తుపాను మన తీరానికి రాకుండానే సముద్రంలో బలం కోల్పోయి, వాయుగుండంగా మారి పూరీ వైపు పోయింది. పొడిగాలి లోపలికి చొరబడినా, పైన గాలులు ఒక్క తీరుగా లేకపోయినా తుపాను అలాగే నీరసిస్తుంది. ఆ వారం జోకులు వరదలా పారాయి. కానీ దానికి రెండు నెలల ముందు, సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మర్నాటికి మన ఊరు నీళ్లలో ఉంది, ఎయిర్‌పోర్టులోకి సైతం నీళ్లొచ్చాయి. దాని గురించీ ముందే చెప్పారు. చెప్పింది జరిగినప్పుడు మాత్రం ఎవరూ శ్లేష కట్టలేదు.

ఇక హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. నాలుగు రోజుల ముందు నుంచే 12వ తేదీకి ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరానికి వస్తుందన్నారు. దగ్గరపడేకొద్దీ విశాఖ పేరే చెప్పారు. వచ్చింది. గంటకు 180 కిలోమీటర్ల చుట్టుపక్కల వేగంతో, సరిగ్గా మన నెత్తి మీదికే. కైలాసగిరి మీదున్న డాప్లర్ రాడార్ కూడా ఆ గాలికి మూగబోయింది. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగింది. జనం తలుపులు తీసి బయటికొచ్చి చెట్లు ఎన్ని పడ్డాయో చూస్తున్నారు. 'ఆగిందని బయటికి రాకండి, అది తుపాను కన్ను, గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ లేస్తుంది' అని హెచ్చరికల్లో ఉంటుంది. విన్నవాళ్లు లోపలే ఉన్నారు. కాసేపటికి గాలి అన్నంత పనీ చేసింది. అప్పుడు మా గోదాము రేకులు మొత్తం పోయాయి. మనుషులం మాత్రం ముందురోజే మేడ ఉన్న బంధువుల ఇంటికి చేరిపోయాం కాబట్టి ఈ రోజు ఇది రాస్తున్నాను.

1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు పది వేల మందికి పైగా పోయారు. ఎక్కడ దాటుతుందో సరిగా తెలియలేదు, తెలిసింది కూడా ఊళ్లకి చేరలేదు. 'వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు' అని పెద్దలన్నది ఊరికే కాదు. ఆ రెంటిలో మొదటిది ఇప్పుడు కొంచెమైనా తెలుస్తోంది, దానివల్ల రెండోదాన్ని కొంత ఆపగలుగుతున్నాం. దీన్ని తేలిగ్గా తీసుకోవడం నావల్ల కాదు.

పైగా ఇలా వాతావరణం లెక్కలు కట్టడం మన ఊరి పని. గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంత డబ్బుతో డాబాగార్డెన్స్‌లో అబ్జర్వేటరీ కట్టించారు. తర్వాత ఆయన అల్లుడు నర్సింగరావు గారు దాన్ని నడిపించారు. నక్షత్రాలతో పాటు వాతావరణ లెక్కలూ అక్కడ రాసేవారు. ఈ రోజు ఆ దారిన పోయే ఎంతమందికి ఆ సంగతి తెలుసు?

తప్పంతా జనానిదీ ఛానళ్లదీ అనడం లేదు. వాతావరణ శాఖ వాళ్లు కూడా కొంచెం దిగి రావాలి. 'సగటు సముద్ర మట్టానికి ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో ఉపరితల ఆవర్తనం' అని మొదలుపెడితే మా షాపులో ఎవరూ రెండో లైను దాకా పోరు. 'రేపు మీ జిల్లాలో నాలుగింట ఒక చోట వాన పడొచ్చు' అనండి, అందరికీ అర్థమవుతుంది. వచ్చే మూడు గంటల్లో ఏం జరుగుతుందో చెప్పే నౌకాస్ట్ ఎంతో పనికొచ్చేది. మా కుర్రాడు ఆ పేరు విని పోర్టులో నౌకలవాళ్లకి చెప్పేదనుకున్నాడు. వాడి తప్పేముంది? పోర్టు ప్రమాద సూచికల సంగతీ అంతే. 10వ నంబరు అంటే తీవ్ర తుపాను ఈ రేవు మీదుగానో, దగ్గరగానో దాటుతుందని. 11 అంటే ఇంకా పెద్ద తుపాను అనుకుంటారు. నిజానికి హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. జాలరిపేటలో పెద్దవాళ్లకి ఇది తెలుసు, మేడల్లో ఉన్నవాళ్లకే తెలియదు. ఇంకొకటి, నిన్న ఏం చెప్పాం, ఎంత పడింది అని రోజూ తెలుగులో పక్కపక్కనే పెట్టి చూపించండి. తప్పిన రోజు తప్పిందని రాయండి. జనం మన్నిస్తారు, నమ్ముతారు కూడా.

జోకులు మానేయమని అడగను. వాయిదాగుండం లాంటివి ఇంకా కట్టండి. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో మాత్రం జోకుతో పాటు అసలు బులెటిన్ కూడా అదే గ్రూపులో పెట్టండి. నేను అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రోజూ మా షాపు స్టేటస్‌లో గాలి వేగం లైనుతో సహా పెడతాను. కార్తీక మాసంలో వనభోజనాలకీ పెళ్లిళ్లకీ పందిళ్లు చెప్పేవాళ్లు, మా దగ్గరైనా ఇంకెక్కడైనా సరే, రంగులూ లైటింగూ మాట్లాడుకున్నాక ఎంత గాలి వస్తే పక్క పరదాలు తీస్తారో కూడా అడిగి అడ్వాన్సు ఇవ్వండి.