“ఇది ఏ సినిమాలో పాటరా?”

మా అక్క కొడుకు విజయవాడ సత్యనారాయణపురంలో, మేడమీద గదిలో సింథసైజర్లు (కరెంటుతో శబ్దాన్ని పుట్టించే కీబోర్డు వాద్యాలు) వాయిస్తాడు. నెలకో రెండు నెలలకో ఒక వీడియో తీసి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. వీడియో ఏడు నిమిషాలుంటుంది. చప్పట్ల బొమ్మలు మాత్రం నిమిషం తిరక్కుండానే వచ్చేస్తాయి. ఆ తర్వాత ఎవరో ఒక బాబాయి అడుగుతాడు: “బాగుందిరా, ఇది ఏ సినిమాలో పాట?”

పెళ్లిలో డోలు సన్నాయి గంటసేపు మోగినా మనం ఆ మాట అడగం. సాహిత్యం వినపడకపోయినా పెళ్లికళ వచ్చిందంటాం. అదే వైర్లున్న పెట్టె కనబడితే చాలు, మాటలు కావాలి, హీరో కావాలి. పైగా “అంతా కంప్యూటరే వాయించేస్తుంది కదా” అని ఒక విసురు. కచేరీలో గాయకుడి పక్కన మోగే ఎలక్ట్రానిక్ తంబూరాని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

పోయిన ఏప్రిల్‌లో అమెరికా నుంచి వెళ్లినప్పుడు వాడి రికార్డింగ్ దగ్గర కూర్చున్నాను. ఫోను స్టాండుకి బిగించి చేతుల మీదికి వంచాడు, మొహం పడదు. గాలికి స్టాండు ఊగుతుందని ఫ్యాన్ ఆపేశాడు. బెజవాడ ఎండలో అది చిన్న త్యాగమేమీ కాదు! ముందు ఒక చప్పట కొట్టాడు. వైరులో విడిగా రికార్డయ్యే శబ్దాన్ని తర్వాత వీడియోతో జత చేయడానికి అదే గుర్తట.

వాయించింది తోడి రాగం. కీబోర్డు మెట్టు నొక్కితే స్వరం కదలకుండా నిలబడుతుంది. తోడిలో గాంధారం, అంటే ‘గ’ స్వరం, అలా నిలబడితే తోడి కాదు, ఊగాలి. ఆ ఊపు కోసం ఎడమచేతి బొటనవేలితో పిచ్ వీల్‌ని, అంటే స్వరాన్ని పైకీ కిందకీ వంచే చక్రాన్ని, అటూ ఇటూ ఆడిస్తున్నాడు. ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడానికి గ్లైడ్ అనే సదుపాయం ఉంది. శబ్దం పదునుని పెంచి తగ్గించే ఫిల్టర్ నాబ్ తిప్పుతుంటే అదే స్వరం మూసిన నోటితో మొదలై మెల్లగా నోరు తెరిచినట్టయింది. అయిదుసార్లు చెడింది. ఆరోసారి కుదురుతుండగా కింద కుక్కర్ కూత పెట్టింది. ఫోను మైకులో పడే గది చప్పుడు కూడా వాడు కొంచెం కలుపుతాడు.

“అయ్యో, మళ్లీ మొదటికొచ్చింది” అన్నాను.

“ఉండనీ మావయ్యా, తాళంలోనే పడింది” అన్నాడు.

ఇది కొత్త పిచ్చి కూడా కాదు. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి 1969లోనే మూగ్ కంపెనీ సింథసైజర్ వచ్చింది. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ కంపెనీ సింథసైజర్లు జూపిటర్-8, టీబీ-303, దరువు వాయించే టీఆర్-808 పెట్టుకుని పది రాగాల్ని డిస్కో దరువు మీద వాయించి రికార్డు తెచ్చారు. అప్పుడు పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో మళ్లీ విడుదలయ్యాక విదేశాల్లో వెతుక్కుని విన్నారు.

నా వల్ల జరిగిన నష్టం కూడా చెప్పాలి. ఇక్కడ అమెరికాలో పాత సామాన్ల అమ్మకంలో దొరికిన సింథ్‌ని చీరల మధ్య చుట్టి పట్టుకెళ్లాను. వెనక 120 వోల్టులని రాసుంది, నేను చూడలేదు. మన ఇళ్లలో 230. స్విచ్ వేయగానే ‘టప్’మంది, వెంటనే కాలిన వాసన. పాపం వాడు ఒక్కమాట అనలేదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్పించడానికి గవర్నరుపేటలో మూడు షాపులు తిరిగాడు.

ఇక్కడి మన తెలుగు సంఘం ఉగాది కార్యక్రమంలో కరోకేకి గంటన్నర ఇస్తున్నాం. అందులో పది నిమిషాలు ఇలాంటి పిల్లలకి ఇద్దామని నా మాట. ఇక్కడా ఉన్నారు, గదుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని. కావలసింది ఒక బల్ల, మన స్పీకర్లకి వెళ్లే రెండు వైర్లు, చేతుల మీదికి వంచిన ఒక కెమెరా, వెనక తెర మీద ఆ చేతులు. పోయినసారి ఒకబ్బాయి బల్ల అడిగితే, భోజనాల దగ్గర కావాలి, లేదన్నాం. అడిగింది మడత బల్లే.