క్షమాపణ చెప్తే అయిపోయిందా?

"అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్ 2008లోనే ఆదివాసీలకి పార్లమెంట్‌లో క్షమాపణ చెప్పేశాడుగా, ఇంకా ఎందుకీ పాత గొడవ" అని ఒకాయన రాశారు, చదివి ఊరుకోలేకపోయా. ఆస్ట్రేలియాలో అబొరిజినల్ (అక్కడి ఆదివాసీ) పిల్లల్ని ప్రభుత్వమే తల్లుల దగ్గర్నుంచి లాక్కోవడం 1970ల దాకా నడిచిందండీ, ఆ పిల్లల్లో ఎంతోమంది ఇవాళ తాతలు, అమ్మమ్మలై మన మధ్యే బతికున్నారు.

అలా లాక్కున్న పిల్లల్లో ఒకడైన బ్రూస్ ట్రెవరో సంగతి చూడండి. 1957 క్రిస్మస్ నాడు 13 నెలల పిల్లాణ్ని కడుపునొప్పని అడిలైడ్‌లో హాస్పిటల్‌కి తీసుకెళ్తే, తగ్గాక ఇంటికి పంపకుండా, తల్లికి ఒక్క మాటైనా చెప్పకుండా వేరే తెల్లవాళ్ల కుటుంబానికి ఇచ్చేశారు. మా బాబు ఎలా ఉన్నాడు, ఎప్పుడు పంపిస్తారు అని ఆ తల్లి ఉత్తరం రాస్తే బాగానే కోలుకుంటున్నాడు, కానీ ఇంకా ట్రీట్‌మెంట్ కావాలి అని అధికారులు జవాబిచ్చారు, అప్పటికే పిల్లాడు వేరే ఇంట్లో పెరుగుతున్నాడు! ఎంత దుర్మార్గం. పదేళ్ల వయసులో తల్లి దగ్గరికి చేరాడు గానీ ఆ ఇంట్లో ఇమడలేకపోయాడు, తర్వాతంతా డిప్రెషన్, తాగుడు. తల్లి దగ్గరే పెరిగిన తోబుట్టువులు బాగానే ఉన్నారు, ఆ తేడాని కోర్టు కూడా చూసింది. 2007లో ఆయనకి 5,25,000 డాలర్ల పరిహారం ఇమ్మని ప్రభుత్వానికి చెప్పింది, మరుసటేడే ఆయన పోయాడు.

ఇప్పటికీ అక్కడ ఫోస్టర్ కేర్‌లోకి (కన్నవాళ్ల దగ్గర్నుంచి తీసి వేరేవాళ్ల దగ్గర పెంచే ఏర్పాటులోకి) వెళ్తున్న అబొరిజినల్ పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే చాలా రెట్లు ఎక్కువ. ముందు అది ఆపాలి, విడిపోయినవాళ్లని వెతికి కలిపే లింక్-అప్ లాంటి సంస్థలకి సరిపడా డబ్బివ్వాలి.