జన్యువుల్లేని బియ్యం కావలెను

ఈమధ్య ఒక బియ్యం సంచి మీద లావుపాటి అక్షరాల్లో ఇలా చదివాను: "జన్యువులు లేని, మనిషి చెయ్యి పడని, స్వచ్ఛమైన ప్రకృతి ధాన్యం." కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. అదే ఉంది. పక్కన పచ్చటి ఆకు బొమ్మ కూడా వేశారు. ఆకు బొమ్మ వేశాక ఇక అనుమానించడానికి మనమెవరం!

ప్రాణమున్న ప్రతి గింజలోనూ జన్యువులుంటాయి, క్రోమోజోములనే పోగుల మీద. వరికి అవి 12 జతలు, జొన్నకు 10. వరి జన్యుపటాన్ని శాస్త్రవేత్తలు పూర్తిగా చదివి బయటపెట్టింది 2005లో, జొన్నది 2009లో. వాళ్లు ఏళ్ల తరబడి చదివినదాన్ని ఈ సంచిగారు గింజగింజలోంచీ ఏరి, చాటతో చెరిగి, అవతల పారబోసి మూతి కుట్టేశారన్నమాట. రాళ్లేరినంత తేలిక. ఇంతటివారిని సన్మానించడం మానేసి, తూకం తగ్గిందని పోట్లాడుతున్నాం, చూడండి మన బుద్ధి.

అయితే నన్ను నిద్రపోనివ్వనిది ఆ రెండో ముక్క. మనిషి చెయ్యి పడని ధాన్యమట. నవ్వకండి, అలాంటిది నిజంగానే ఉంది. చిత్తడి నేలల్లో, కాలవల పక్కన అడవి వరి తనంతట తాను పెరుగుతుంది. సంచిగారిని సగౌరవంగా అక్కడికే తీసుకెళ్దాం. చేతికో కొడవలి ఇద్దాం.

సంచిగారు మడిలో దిగారు. పండిన వెన్నొకటి చూసి ప్రేమగా పట్టుకున్నారు. జలజలా గింజలన్నీ బురదలో. చేతిలో ఉత్త ఈనె మిగిలింది. ఇంకోదాన్ని ఈసారి ఊపిరి బిగబట్టి పట్టుకున్నారు. పై గింజలు నిన్ననే రాలిపోయాయి, కిందివి ఇంకా పాలు పోసుకుంటున్నాయి. ఇంతలో గాలి వీచింది. సంచిగారి కళ్లముందే, ఆయన అనుమతి లేకుండా, చేను చేనంతా కోతలు పూర్తి చేసేసుకుంది. పట్టు వదలకుండా వంగి బురదలో ఏరబోయారు. గింజ కంటే పొడవున్న మీసాలు, రంపప్పళ్లలా గరుకు, వేళ్ల సందుల్లో దిగాయి. పొద్దువాలేసరికి దోసెడు పోగయ్యాయి. వండుకోకుండా విత్తనానికి దాచారు, ఆయన నిగ్రహం అలాంటిది. చల్లితే కొన్ని మొలిచాయి. మిగతావి మట్టిలో పడుకుని, బుద్ధిపుట్టినప్పుడు లేస్తామన్నాయి. అన్నీ ఒకేసారి మొలిస్తే ఒక్క కరువుకే వంశం నాశనమైపోతుందని గడ్డికి తెలుసు. గింజ దాని బిడ్డ. మన కంచం సంగతి దానికెందుకు?

రాలకుండా వెన్నునంటిపెట్టుకున్న గింజ మొక్క దృష్టిలో ఒక అవిటి గింజ. దాన్ని చూసి "ఇది బాగుంది" అని దాచి మళ్లీ విత్తింది మనిషి. వరిలో ఆ మార్పుకు ముఖ్యకారణం ఎస్‌హెచ్4 అనే జన్యువు తయారుచేయించే ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం, అంటే ఆ ప్రొటీన్ దండలో ఒక్క పూస, తేడా అని 2006లో తేలింది. జొన్న కథ ఇంకా తమాషా. దాదాపు 5,000 ఏళ్ల కిందట ఆఫ్రికాలో, నేటి సూడాన్ ప్రాంతంలో సాగుకొచ్చిన ఈ పంటలో, గింజ రాల్చే జన్యువు వేరువేరు రకాల్లో వేరువేరుగా మూడుసార్లు చెడింది. మూడుసార్లూ మనిషి కళ్లే దాన్ని పట్టుకున్నాయి. ఆ మనుషుల పేర్లు ఏ సంచి మీదా ఉండవు.

తర్వాతి చేతులు మరీ పనిగట్టుకుని పడ్డాయి. వరి పువ్వు తెరుచుకునేది పొద్దున పూట, గంటో గంటన్నరో. రెండు రకాల్ని కలపాలంటే, అంతకు ముందే పొట్టు కొనను చిన్న కత్తెరతో కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తుల్నీ చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే లాగి, వెన్నుకు కాగితపు సంచి తొడుగుతారు. (సంచి అంటే అదీ!) మర్నాడు తండ్రి వెన్నును తెచ్చి దానిపై దులుపుతారు. అలా 1962లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఇండోనేషియా పొడుగు రకం 'పేట'కు, తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌కు పెళ్లి చేశారు. 1966లో ఐఆర్8 అనే పొట్టి రకం వచ్చింది. అన్నం రుచి గురించి దాన్ని తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను. కానీ ఎరువేస్తే పొడుగు వరి బరువుకు ఒరిగిపోయే రోజుల్లో అది నిలబడింది. కారణం, ఎత్తు పెంచే జన్యువులో 383 డీఎన్ఏ అక్షరాలు ఊడిపోవడం. సంచిగారి ఆశయానికి ప్రపంచంలో ఇంతకంటే దగ్గరగా వచ్చింది ఏదీ లేదు.

హైబ్రిడ్ విత్తనం ఏటా కొనాల్సి వస్తోందని కోపమా? న్యాయమే. ఆ తగువు విత్తనం అమ్మేవాడితో. ఆ డబ్బులో జన్యువుకు పైసా వాటా లేదు.

నాకు అసలు మంట ఎక్కడంటే, మునిగిన చేను దగ్గర. మామూలు వరి నీట మునిగితే గాలి కోసం పైకి సాగుతుంది. దాచుకున్న శక్తంతా ఆ సాగడంలోనే ఖర్చుచేసి చస్తుంది. నీళ్లు తీశాక మడిలో మిగిలేది నేలకంటుకున్న ఆకు, ముక్కు బద్దలయ్యే కంపు. ఒడిశా నుంచి వచ్చిన ఎఫ్ఆర్13ఏ అనే రకం అలా తొందరపడదు. కదలకుండా, శక్తి పొదుపు చేసుకుని, రెండు వారాల దాకా నీటి అడుగున ఓర్చుకుంటుంది. ఆ ఓర్పు తొమ్మిదో క్రోమోజోములో ఉందని వెతికి, తరం తర్వాత తరం మొక్క ఆకు ముక్క తుంచి పరీక్షించి, ఆ ఒక్క తునకనే స్వర్ణ రకంలోకి దించారు. స్వర్ణ-సబ్1 2009లో మన రైతుకు చేరింది. మునిగిన చేలను చూసి చూసి ఓర్చుకునే విత్తనాన్ని కాపాడినవాడు రైతు. కళ్లు పోయేలా ఆకులు పరీక్షించింది ఇంకొకరు. వాళ్ల చేతుల్ని ఒక్క ఆకు బొమ్మతో తుడిచేసి, పైగా చెయ్యి పడటమే మైల అన్నట్టు అమ్ముకుంటావా? నీ చేను ఎప్పుడైనా మునిగిందా? అసలు నీకు చేనుందా?

క్షమించాలి, సంచిగారిని ఏకవచనంలో పిలిచాను. ఆయన ఇంకా ఆ మడి గట్టు మీదే ఉన్నారు, కొడవలి దించలేదు. కిందటేడు చల్లిన గింజల్లో ఒకటి ఇవాళ మొలిచిందట.