ఎడారి పల్లెలకు సోలార్ దండగన్న సందేశానికి జవాబు

తిరుపతిలో నేనున్న వాట్సాప్ గ్రూపులన్నింటిలోనూ ఈ మధ్య ఒకే సందేశం తిరుగుతోంది. రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో మారుమూల పల్లెలకు సోలార్ ప్యానెళ్లు, గాలి మరలు పెట్టడం శుద్ధ దండగ అని దాని సారం. ఎండకు ప్యానెళ్లు పనిచేయవు, దుమ్ము కడగడానికి నీళ్లుండవు, రాత్రయితే చీకటే, గాలి మరలు ఆగే ఉంటాయి, ప్యానెల్ తయారీకి ఖర్చయిన కరెంటు ఎన్నటికీ తిరిగి రాదు అంటుంది. చివర్లో బిహార్‌లో సోలార్ మూలపడిన ధర్నాయి గ్రామాన్ని చూపించి, స్తంభాలు నాటి లైను లాగడమొక్కటే దారి అని తేలుస్తుంది. చదువుకున్నవాళ్లు కూడా నమ్మి పంపుతున్నారు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

వేడికి ప్యానెల్ ఉత్పత్తి తగ్గడం నిజం. దాని మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. వేసవి మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు కాగిందనుకుంటే నష్టం 12 నుంచి 16 శాతం. తగ్గడానికీ ఆగిపోవడానికీ చాలా తేడా ఉంది. మే నెలలో తిరుపతి మిద్దెల మీద ప్యానెళ్లు పడే బాధ కూడా ఇదే, అయినా అవి పనిచేస్తూనే ఉన్నాయి. పైగా ఈశాన్య రుతుపవనాలకు మన దగ్గర పట్టే ముసురు థార్‌లో ఉండదు.

దుమ్ము అంతకంటే పెద్ద సమస్య. నెలల తరబడి తుడవకపోతే ఉత్పత్తి బాగా పడిపోతుంది. కానీ దానికి నీళ్లే కావాలని లేదు. అదే ఎడారిలో ఉన్న భడ్లా సోలార్ పార్కు సామర్థ్యం 2,245 మెగావాట్లు. అక్కడ చాలా చోట్ల నీళ్లు లేకుండా మరమనుషులే ప్యానెళ్లు తుడుస్తాయి. ఇంటి మీద రెండు ప్యానెళ్లకు పొద్దున్నే మెత్తటి పొడిగుడ్డ చాలు.

తయారీ కరెంటు లెక్క మరీ పాతది. మన దేశపు ఎండలో మంచి ప్యానెల్ ఒకటి రెండేళ్లలో ఆ అప్పు తీర్చేస్తుంది. కంపెనీలు 25 ఏళ్ల హామీ ఇస్తున్నాయి.

ఇక రాత్రి సంగతి. నాలుగు 9 వాట్ల బల్బులు ఐదు గంటలు వెలిగితే అయ్యేది 180 వాట్-గంటలు. వెయ్యి వాట్-గంటల యూనిట్‌లో ఐదో వంతు కూడా కాదు. 30 వాట్ల ఫ్యాను రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే మరో 240. ఫోన్ల ఛార్జింగ్ కలిపితే 450 లోపే. 200 వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున, నష్టాలన్నీ తీసేసినా, 700 దాకా ఇస్తుంది. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో 1,200 నిలవ ఉంటాయి. ఒకరోజు ఇసుక తుఫాను వచ్చి ప్యానెల్ ఏమీ ఇవ్వకపోయినా ఆ ఇంట్లో పిల్లలు చదువుకోగలరు. కిరోసిన్ బుడ్డి పొగలో చదివే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

గాలి విషయంలో మాత్రం సందేశంలో సగం నిజముంది. గాలి వేగం సగమైతే అందులోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే ఇంటి కప్పు మీద చిన్న మర పెట్టమని ఎవరైనా అంటే నేను వద్దంటాను. ముందు ఏడాది పాటు ఆ చోట గాలిని కొలవాలి. కానీ తిరుమల దారిలో కాకులకొండ మీది మరలు ఆగి ఉన్న ఫోటో పెట్టి, గాలి కరెంటే అబద్ధమనడం అన్యాయం. గాలి కొన్ని నెలలు జోరుగా, కొన్ని నెలలు మందంగా వీస్తుంది. జైసల్మేర్ చుట్టుపక్కల వెయ్యి మెగావాట్లకు పైగా గాలి మరలు నడుస్తున్నది ఈ హెచ్చుతగ్గులు లెక్కవేసుకునే.

లైను లాగితే చాలంటున్నారు. వెయ్యి అడుగుల బోరులో మోటారు నడపాలంటే లైను కావాలి, చిత్తూరు రైతులకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ థార్‌లో పది ఇళ్ల ఢాణీ (చిన్న పల్లె) ఒకటి, దానికి మైళ్ల దూరంలో ఇంకొకటి. అన్ని స్తంభాలూ తీగలూ వేసి, ప్రతి తుఫానుకూ సరిచేయాల్సింది ఆ నాలుగు బల్బుల కోసమే. ఇంకో నష్టం కూడా ఉంది. మన రోళ్లపాడులో ఒకప్పుడు కనిపించిన బట్టమేక పిట్టలకు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఇప్పుడు చివరి ఆశ్రయం థార్. అవి కరెంటు తీగలకు తగిలి చనిపోతున్నాయని 2019లో సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యం వెళ్లింది.

ధర్నాయి ఎడారి కాదు, మారుమూల కూడా కాదు. 2014లో అక్కడ 100 కిలోవాట్ల సోలార్ గ్రిడ్ పెట్టారు. కొద్ది కాలానికే ప్రభుత్వ లైను వచ్చింది, దాని కరెంటు చవక. బ్యాటరీలు పాడయ్యాక మార్చేవారు లేక సోలార్ మూలపడింది. మా వీధి చివరి సోలార్ దీపానికి పట్టిన గతీ అదే: ప్యానెల్ బాగానే ఉంది, బ్యాటరీ చచ్చింది, పట్టించుకునే మనిషి లేడు. రాజస్థాన్‌లోనే అజ్మీర్ జిల్లా తిలోనియాలో 1972లో మొదలైన బేర్‌ఫుట్ కాలేజీ ఆ మనిషినే తయారుచేసింది. బడి మొహం చూడని పల్లె స్త్రీలు, అమ్మమ్మల వయసువాళ్లు సైతం, రంగుల గుర్తులతో సర్క్యూట్లు నేర్చుకుని సోలార్ దీపాలు బిగిస్తున్నారు, చెడితే బాగుచేస్తున్నారు. ఆఫ్రికా పల్లెల నుంచి కూడా స్త్రీలు అక్కడికి వచ్చి నెలల తరబడి నేర్చుకుని, తిరిగి వెళ్లి తమ ఊళ్లకు తామే వెలుగు తెచ్చుకున్నారు.