అల్మరాలోని సోడియం గారికి

మహారాజశ్రీ సోడియం గారికి, పర్లాకిమిడి నుంచి నమస్కారాలతో రాయునది.

తమరు మా అమ్మాయి స్కూలు ల్యాబులో, తాళం వేసిన అల్మరాలో, కిరసనాయిలు సీసాలో క్షేమంగా ఉన్నారని తెలిసి సంతోషం. మా మహేంద్రతనయ నది పొంగినా, తుఫానుకి ఊరు తడిసి ముద్దయినా తమరికి మాత్రం ఒక్క చుక్క తగలకూడదు. ఇంత రాజభోగం మా గజపతి రాజులకైనా జరిగిందో లేదో!

మొన్న అమ్మాయి ప్రాక్టికల్ రికార్డు తిరగేశాను. సోడియం లోహం ముక్క నీటి మీద తేలిందట, కరిగి గుండ్రంగా మారిందట, బుసబుసమంటూ అటూ ఇటూ పరిగెత్తిందట, క్షారాన్ని పట్టిచ్చే ఫినాఫ్తలీన్ వేస్తే నీళ్ళు గులాబీ రంగులోకి వచ్చాయట. "ఎంతసేపు తిరిగిందే?" అని అడిగాను. "మాకు చూపించలేదు నాన్నా, సార్ బోర్డు మీద రాస్తే ఎక్కించుకున్నాం" అంది. 'గమనించితిని' అన్న మాట కింద ఎర్ర సిరాతో టిక్కు కూడా పడింది. దర్శనం కాకుండానే తమరి మహిమకు క్లాసంతా సాక్షి సంతకాలు పెట్టేసింది.

రాసిందాంట్లో తప్పేమీ లేదు లెండి. నీటి సాంద్రత 1 అయితే తమరిది 0.97, అందుకే తేలతారు. 98 డిగ్రీలకే కరుగుతారు, చర్యలో పుట్టే వేడి అందుకు చాలు. పై కక్ష్యలో ఉన్న ఆ ఒక్క ఎలక్ట్రాన్ని ఎవరికి అంటగడదామా అని తమరి తొందర. నీళ్ళు దాన్ని పుచ్చుకుని హైడ్రోజన్ని వదిలేస్తాయి, చివరికి కాస్టిక్ సోడా మిగులుతుంది. 1807లో ఇంగ్లండు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఆ కాస్టిక్ సోడానే కరిగించి, కరెంటు పెట్టి తమరిని బయటికి లాగాడు. పుట్టింటికి పోవాలని ఇంత ఆరాటమా? గంజాం జిల్లా హుమ్మా ఉప్పు మడుల్లో మాత్రం నీళ్ళలోనే బుద్ధిగా కూర్చుంటారు. అక్కడ ఎలక్ట్రాన్ ఎప్పుడో క్లోరిన్‌కి ఇచ్చేశారు, ఇక పేచీ ఏముంది!

అసలు సంగతి తమరి పేలుడు. హైడ్రోజన్ అంటుకోవడం వల్లే పేలుతుందని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. మరి పుట్టిన హైడ్రోజనే లోహానికీ నీటికీ మధ్య పొరలా అడ్డుపడి చర్యను ఆపెయ్యాలి కదా? 2015లో చెక్ శాస్త్రవేత్త పావెల్ యుంగ్‌విర్త్ బృందం సోడియం, పొటాషియం కలిపిన ద్రవలోహం చుక్కను నీళ్ళలో వేసి హైస్పీడ్ కెమెరాతో చూసింది. మిల్లీసెకను కూడా గడవక ముందే చుక్కలోంచి ముళ్ళు పొడుచుకొచ్చాయి. ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా నీళ్ళలోకి పారిపోతే, మిగిలిన ధనావేశ అయాన్లు ఒకదాన్నొకటి తోసుకుని లోహాన్నే చీల్చేస్తున్నాయని తేల్చారు. వాళ్ళు కూడా బోర్డు చూసి ఎక్కించుకుని ఉంటే ఇది తేలేదా?

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. గ్రాముకి గ్రాము లెక్కేస్తే తమరికంటే తమ కుటుంబంలోని లిథియం గారే ఎక్కువ వేడి పుట్టిస్తారు. కాకపోతే ఆయన కరగాలంటే 180 డిగ్రీలు కావాలి, అందుకని నెమ్మదిగా బుడగలు వదులుతూ పని కానిస్తారు. పేరు మాత్రం తమరికొచ్చింది.

కాబట్టి విన్నపం. ఒక్కసారి బయటికి రండి. బియ్యపు గింజంత చాలు. ఒంటికున్న కిరసనాయిలు అద్దేసి, పెద్ద గాజు తొట్టిలో పట్టకారుతో వదిలితే సరి. పిల్లలు కళ్ళద్దాలు పెట్టుకుని, మధ్యలో అడ్డుపలక ఉంచుకుని, దూరంగా నిలబడతారు. పక్కన పొడి ఇసుక బకెట్ ఉండాలి, తమరి మంట మీద నీళ్ళు పోస్తే ఇంకేమైనా ఉందా! పొటాషియం గారిని మాత్రం వెంట తేకండి. ఆయన నీళ్ళు తగలగానే లేత ఊదా మంటతో లేస్తారు, స్కూలు పిల్లల ముందు అంత హడావుడి వద్దు.

అల్మరా తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నారట. ఆయన వచ్చేలోగా సీసాలో కిరసనాయిలు ఆరిపోకుండా చూసుకోగలరు.

ఇట్లు,
ఒక టెన్త్ క్లాసు పిల్ల తండ్రి