అమూల్యమైన పుస్తకం

అచ్చు పుస్తకం గొప్పదా, ఈ-పుస్తకం గొప్పదా అన్న వివాదం మన సాహితీ సభల్లో చాలాకాలంగా తెగకుండా ఉన్నది. దీనిలో తీర్పు చెప్పే అర్హత నాకు పుష్కలంగా ఉన్నదని వినయంగా మనవి చేస్తున్నాను. నా ఇంట్లో రెండు బీరువాల నిండా అచ్చు పుస్తకాలు, నా ఫోనులో మూడు వేల పైచిలుకు పిడిఎఫ్‌లు ఉన్నాయి. ఏ పక్షానికీ అన్యాయం జరగకూడదని రెంటినీ సమానంగా తెరవకుండా ఉంచాను.

ముందుగా అచ్చు పక్షం. వీరి ప్రధాన వాదన వాసన. హైదరాబాదు ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శనకు వెళ్తే, ఈ పక్షంవారు ఒక లావుపాటి గ్రంథాన్ని నడిమికి తెరిచి, అరమోడ్పు కన్నులతో దీర్ఘంగా ఆఘ్రాణించి, దానితో ఒక ఫోటో దిగి, దానిని యథాస్థానంలో ఉంచి, మిరపకాయ బజ్జీల వైపు సాగిపోవడాన్ని ఎవరైనా గమనించవచ్చు. వాసనకు వెల కట్టే పద్ధతిని మన ప్రచురణకర్తలు ఇంకా కనిపెట్టలేదు. రెండో వాదన భక్తికి సంబంధించినది. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం, ఫోనుకు తగిలితే అద్దం పగిలిందేమోనని చూసుకుంటాం. కాబట్టి సరస్వతి ఎక్కడ కొలువున్నదో వేరే చెప్పనక్కరలేదని వీరంటారు. మూలా నక్షత్రం నాడు పూజలో పెట్టిన పుస్తకాన్ని ఆ రోజు చదవకూడదని మా ఇంట్లో ఒక నియమం ఉండేది. పెద్దయ్యాక నేను ఆ నియమాన్ని సంవత్సరం పొడవునా పాటిస్తున్నాను.

ఈ-పుస్తకానికి బరువు లేదనీ, చెద పట్టదనీ, అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ అట్టపెట్టెలకు ఎత్తనక్కరలేదనీ రెండో పక్షం వాదిస్తుంది. దీనికి జవాబుగా అచ్చువారు 2009 నాటి ఉదంతాన్ని ఎత్తుతారు. హక్కులు లేనివారు అమ్మకానికి పెట్టారని తెలిశాక, ఆర్వెల్ ‘1984’ నవలను అమెజాన్ సంస్థ కొన్నవారి కిండిళ్లలోంచి, అంటే ఈ-పుస్తకాలు చదివే పరికరాల్లోంచి, దూరం నుంచే తుడిచివేసి, డబ్బు వాపసు ఇచ్చింది. తెలుగు పాఠకుడికి ఈ భయం లేదు, ఎందుకంటే కొన్న పుస్తకం మాయం కావాలంటే ముందు కొనాలి. పైగా 2016లో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు తలుపు తెరిచినప్పుడు తెలుగును గుమ్మం బయటే నిలబెట్టింది. లోపలికి రానిస్తే మాత్రం ఏ వేషంలో వెళ్తాం? మన పుస్తకాలు ఏళ్ల తరబడి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరులో, అను అనే తెలుగు ఫాంట్లలో తయారయ్యాయి. అక్కడ ‘అమ్మ’ మన కంటికి అమ్మే గాని, కంప్యూటరు దృష్టిలో కొన్ని రోమన్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గుంపు. అందుచేత తెలుగు ఈ-పుస్తకం అంటే తరచుగా అచ్చు పేజీకి తీసిన బొమ్మ మాత్రమే. అక్షరం పెద్దది చేస్తే సగం వాక్యం తెర దాటిపోతుంది, దానిని వేలితో లాక్కొచ్చేసరికి మిగతా సగం రెండో వైపు జారుకుంటుంది. ఇలా రెండు అధ్యాయాలు పూర్తిచేసినవారికి కథ గుర్తుండదు గాని, చూపుడువేలు మాత్రం బలపడుతుంది.

ఇంతదాకా విచారించాక, ఈ వివాదం పరాయి దేశాలదనీ, అక్కడివారు డబ్బు దేనికి చెల్లించాలో తేల్చుకోలేక కొట్టుకుంటున్నారనీ నాకు బోధపడింది. మనకు ఆ సమస్యే లేదు. పుస్తకం అమూల్యమని పెద్దలు చెప్పగా, మూల్యం లేనిదని మనం అర్థం చేసుకున్నాం. అచ్చు పక్షానికి రచయిత చేతుల మీదుగా ఉచిత ప్రతి, ఈ-పక్షానికి వాట్సాప్‌లో ఉచిత పిడిఎఫ్ అందుతాయి. రచయిత సొంత డబ్బుతో అయిదు వందల ప్రతులు వేయించుకుని, సొంత ఖర్చుతో సభ పెట్టి, వచ్చినవారికి టిఫిను కూడా పెట్టి, పోతూ పోతూ చేతిలో పుస్తకం పెట్టి పంపితే, ఇంటికి చేరేలోగా మనం పంపే సందేశం ఒక్కటే: ‘అక్షరాలు చిన్నవిగా ఉన్నాయండీ, పిడిఎఫ్ ఏమైనా ఉంటుందా?’ ఇలాంటి జాతి నుంచి పుస్తకాలకు డబ్బు రాబట్టాలంటే తెలియకుండా రాబట్టాలని గ్రహించిన పాలకులు, 1960 నాటి గ్రంథాలయాల చట్టంలో ఇంటి పన్ను మీద సెస్సు పెట్టారు. రసీదులో ఆ గడిని చూసి ఇదేమిటని మునిసిపల్ గుమస్తాతో నేను గట్టిగానే వాదించాను.

‘పుస్తకం పరహస్తగతం గతం’ అన్న సూక్తిని అచ్చు పక్షంవారే తలుచుకుని నిట్టూరుస్తుంటారు. ఒకవేళ తిరిగి వచ్చినా జీర్ణమై వస్తుందని కూడా అందులో ఉన్నది. ఈ రెండో భాగం తప్పని నేను సాక్ష్యం చెప్పగలను. ఒక కవిగారు ‘ఆత్మీయులకు’ అని నా పేరు రాసి, సంతకం చేసి ఇచ్చిన సంపుటిని ఒక మిత్రుడు చదివి ఇస్తానని పట్టుకెళ్లాడు. ఆరేళ్ల తరువాత ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అది నాకు కనిపించింది. ఎక్కడా మడత లేదు, మరక లేదు, అచ్చాఫీసులో సరిగా కోయని రెండు కాగితాలు అంచున అలాగే అతుక్కుని ఉన్నాయి. దుకాణదారు యాభై అడిగాడు. బేరమాడి ముప్పైకి తెచ్చుకుని, వాసన చూసి, బీరువాలో పెట్టాను.