పింఛను తీసుకుంటే నోరెత్తకూడదా?

"తిండి పెట్టే ప్రభుత్వాన్ని తిట్టడం విశ్వాసఘాతుకం" అని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఆ తిండి ఎవరి డబ్బండీ? మనందరం కట్టే పన్నులదే కదా.

మాది కర్నూలు దగ్గర పల్లె. పోయిన నెల ఒకటో తారీఖు పింఛన్లు పంచేటప్పుడు ఒక అవ్వ, "కుళాయికి నీళ్లు రాక వారమాయె, ఎవురూ పట్టించుకోరే" అంది. పక్కనే ఉన్న పార్టీ కార్యకర్త "పింఛను తీసుకుంటా ఇట్ల మాట్లాడతావా?" అని గదిమాడు. పాపం, ఆమె వేలిముద్ర వేసి, నోట్లు కొంగున ముడేసుకుని గమ్మున పోయింది. నాకు కడుపు రగిలిపోయింది.

ఈ లెక్క మన సీమకు కొత్త కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక, ఇక్కడి స్థానిక పాలకులైన పాలెగాళ్ల అధికారం లాగేసి చేతిలో తవర్జీ, అంటే నెలనెలా ఇచ్చే భరణం, పెట్టారు. భరణం తింటున్నారు కాబట్టి అణిగి ఉంటారనుకున్నారు. తవర్జీ తీసుకునే ఉయ్యాలవాడ నరసింహారెడ్డే 1846లో తిరగబడ్డారు. ఇనాములు (కొలువుకు ఇచ్చిన భూములు) పోగొట్టుకున్న కట్టుబడి బంట్లు, అంటే ఊరి కాపలా బంట్లు, ఆయన వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసి, తలను 1877 దాకా కోటకు వేలాడదీశారు. కంపెనీ దృష్టిలో ఆయన ద్రోహి, మనకు వీరుడు.

ఇప్పుడు కంపెనీ లేదు, రాజూ లేడు. ఎమ్మెల్యే అయినా, ముఖ్యమంత్రి అయినా విధేయంగా ఉంటానని ప్రమాణం చేసేది రాజ్యాంగానికి. ఆ ప్రమాణాల మాటలుండే రాజ్యాంగం మూడో షెడ్యూల్ తీసి చూడండి, ఏ నాయకుడి పేరూ ఉండదు. ఓడిన పార్టీకి ఓటేసినవాళ్లూ ఆ రాజ్యాంగం కింద సమానమే. వాళ్ల రోడ్డు, వాళ్ల నీళ్లు ఆపే హక్కు ఎవరికీ లేదు.